మహిమ అంటే మెరుపా, బరువా?

పోయిన ఏడాది ఒక ఆదివారం, హనుమకొండలో ఆరాధన అయిపోయి బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లగాడు. కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, ఇయ్యాల మందిరంల మహిమ దిగిందని అందరంటున్నరు. నా పక్కనోళ్లు ఏడ్చిండ్రు. నాకైతే ఏం తెలుస్తలేదు. ప్రతి వారం ఇదే టెన్షన్. నాలోనే ఏమన్న లోపం ఉన్నదా?"

అప్పుడు నేను చెప్పిన జవాబు నాకే సరిపోలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. దేవుని మహిమను ఎదుర్కోవడం అంటే ఏమిటి? అది విశ్వాసిని ఎట్లా మారుస్తుంది, ఎట్లా నిలబెడుతుంది? మనం రోజూ పాడే, ప్రార్థనలో పదేపదే పలికే మాట చుట్టూనే ఇంత అయోమయం ఎందుకుంది? ఈ వ్యాసం ఆ తమ్ముడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఒకే మాటలో చిక్కుకున్న మూడు అర్థాలు

చిక్కంతా మాట దగ్గరే మొదలవుతుంది. తెలుగులో మహిమ అంటే మనకు చిన్నప్పటి నుంచీ ఒక అర్థం అలవాటైపోయింది. "ఆ చెట్టుకు మహిమ ఉంది", "ఆయన మహిమలు చేస్తాడు", "అంతా డబ్బు మహిమ". కంటికి కనబడని శక్తి ఏదో వచ్చి ఆశ్చర్యపరిచే పని చేస్తే దాన్ని మహిమ అంటాం. బైబిలును తెలుగులోకి తెచ్చినవాళ్లు ఈ మాటనే తీసుకున్నారు. అందుకే దేవుని మహిమ అనగానే మన మనసు వెంటనే ఒక మెరుపు కోసం, ఒక వణుకు కోసం, ఒక అద్భుతం కోసం ఎదురుచూస్తుంది. అది తప్పు కాదు. సీనాయి కొండ మీద మేఘమూ అగ్నీ నిజంగానే ఉన్నాయి. బేత్లెహేము పొలాల్లో గొర్రెల కాపరుల చుట్టూ వెలుగు నిజంగానే ప్రకాశించింది. కానీ అది సగం అర్థమే.

పాత నిబంధనలో మహిమకు వాడిన హీబ్రూ మాట కాబోద్. దాని ధాతువుకు అర్థం బరువు. ముసలి యాజకుడు ఏలీ భారీ శరీరం గలవాడని చెప్పడానికీ ఇదే ధాతువు. ఫరో గుండె మొద్దుబారిందనడానికీ, మోషే తన నాలుక మందమని చెప్పుకోవడానికీ, అబ్రాహాము బాగా ఆస్తిపరుడనడానికీ ఇదే. అంటే దేవుని కాబోద్ అన్నప్పుడు హీబ్రూ చెవికి ముందు వినబడేది ఆయన బరువు. గాలికి ఎగిరిపోనిది, తోస్తే కదలనిది, పక్కన పెట్టి ముందుకు పోవడానికి వీలుకానిది.

ఇది మనకు కొత్త ఆలోచన కాదు. గౌరవం అనే మాట గురు నుంచి వచ్చింది. గురు అంటే బరువైనది. పద్యానికి గణాలు కట్టేటప్పుడు గురువు, లఘువు అని చదువుకున్నవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. ఘనత కూడా అంతే, ఘనంగా, గట్టిగా ఉండటం. వీటికి ఎదురుమాట చులకన. తేలికగా చూడటం. "నన్ను చులకన చేసిండు" అని మనం బాధపడేది ఎందుకంటే, తూకంలో మనల్ని ఖాళీ కింద లెక్కవేశారని. హీబ్రూలో కూడా సరిగ్గా ఇదే జత ఉంది. మొదటి సమూయేలు 2వ అధ్యాయంలో ఏలీతో దేవుడు "నన్ను ఘనపరచువారిని నేను ఘనపరచుదును" అని చెప్పి, తనను తృణీకరించేవారు తృణీకారం పొందుతారంటాడు. ఆ మాటల అడుగున బరువు, తేలిక అనే రెండు ధాతువులూ ఉన్నాయి.

క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం నుంచి అలెగ్జాండ్రియాలో పాత నిబంధనను గ్రీకులోకి తెస్తూ, కాబోద్ వచ్చిన చోట డోక్సా అనే మాట పెట్టారు. డోక్సాకు మామూలు గ్రీకులో అభిప్రాయం, పేరుప్రతిష్ఠ అని అర్థం. కొత్త నిబంధన రాసినవాళ్లు ఇదే మాట వాడారు. ఇక్కడ మన తెలుగు పాఠకుడికి తెలియకుండా జారిపోయే సంగతి ఒకటి ఉంది. యోహాను సువార్త 12వ అధ్యాయంలో, "వారు దేవుని మెప్పుకంటె మనుష్యుల మెప్పును ఎక్కువగా అపేక్షించిరి" అని చదువుతాం. అక్కడ మెప్పు అని ఉన్న చోట గ్రీకులో ఉన్నది డోక్సాయే. అంటే మందిరంలో మనం కోరే మహిమ, పదిమందిలో మనం వెతుక్కునే మెప్పు ఒకే మాటకు రెండు వైపులు. ఎవరి మెప్పు మనకు బరువైనది అన్నదే ప్రశ్న. నాకైతే ఈ ఒక్క సంగతి తెలిశాక సువార్త చదివే తీరే మారింది.

షెకీనా మహిమ అని కూడా మన దగ్గర తరచుగా వింటుంటాం. ఆ మాట బైబిలు పాఠంలో లేదు, తర్వాతి యూదు బోధకులు వాడింది. నివసించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. వాడితే తప్పేమీ లేదు. దేవుడు మనుషుల మధ్య ఉండటానికి వచ్చాడన్న అర్థం మరిచిపోకుండా వాడితే చాలు.

కాంటా మీద

మా అవ్వ ఏనుమాముల మార్కెట్‌లో కూలికి పోయేది. మిర్చి రాశుల దగ్గర కూర్చుని తొడిమెలు తీయడం, తాలు ఏరడం ఆమె పని. చిన్నప్పుడు సెలవుల్లో ఆమె వెంట పోయేవాణ్ణి. రాశి చూడటానికి కొండంత కనబడేది. కాంటా ఎక్కితే కానీ దాని సంగతి తెలిసేది కాదు. తాలు కాయ కూడా దూరం నుంచి కాయలాగే ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే తేలిపోతుంది.

దేవుని మహిమను ఎదుర్కోవడం అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఆ కాంటా కంటే మంచి పోలిక దొరకలేదు. నిజమైన బరువు ఒక పళ్లెంలో పడగానే, అప్పటిదాకా బరువుగా అనిపించినవాటి అసలు తూకం బయటపడుతుంది. బబులోను రాజు బెల్షస్సరు విందు చేస్తుంటే గోడ మీద చెయ్యి రాసిన రాతలో టెకేల్ అనే మాట ఉంది. "ఆయన నిన్ను త్రాసులో తూచగా నీవు తక్కువగా కనబడితివి" అని దానియేలు దాని అర్థం చెప్పాడు. వెయ్యిమంది అధిపతుల మధ్య, బంగారు పాత్రలతో కూర్చున్న మనిషి తాలు అని తేలింది. ఒక్క తూకంతో.

మోషే "దయచేసి నీ మహిమను నాకు చూపుము" అని అడిగిన సందర్భం గుర్తు చేసుకోండి. అంతకు కాస్త ముందే జనం బంగారు దూడను పోసుకొని దాని ముందు ఆడారు. వాళ్లకు మెరుపు కావాలి, మెరుపు దొరికింది. మోషేకు దేవుడిచ్చిన జవాబులో మెరుపు ప్రస్తావనే లేదు. "నా మంచితనమంతయు నీ యెదుట కనుపరచెదను" అన్నాడు. మహిమ చూపించమంటే మంచితనం చూపిస్తానన్నాడు. తర్వాతి అధ్యాయంలో మోషేను బండసందులో ఉంచి దాటిపోతూ తన పేరు తానే ప్రకటించాడు: కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృపాసత్యములు గల దేవుడు. మహిమ అనే మాటను దేవుడే విప్పి చెప్పిన చోటు ఇది. బరువంతా ఆయన స్వభావంలో ఉంది.

ఇక్కడే చాలామందికి ఒక సందేహం వస్తుంది. నిర్గమకాండము 33వ అధ్యాయంలోనే దేవుడు మోషేతో ముఖాముఖిగా, స్నేహితుడితో మాట్లాడినట్టు మాట్లాడాడని ఉంది. అదే అధ్యాయంలో "ఏ నరుడును నన్ను చూచి బ్రదుకడు" అనీ ఉంది. ఏది నిజం? నా అవగాహనలో రెండూ నిజమే. దగ్గరితనం ఇచ్చాడు, కానీ తన నిండుదనాన్ని మనిషి మోయలేడని తెలిసి చెయ్యి అడ్డం పెట్టాడు. బండసందులో మోషే మీద కప్పిన ఆ చెయ్యి కూడా కృపే. బిడ్డ మోయగలిగినంతే బిడ్డ నెత్తిన పెట్టే తల్లి మనకు తెలుసు కదా.

ముందు పడటం, తర్వాత నిలబడటం

మహిమ బలపరుస్తుందని చెప్పేటప్పుడు మనం ఒక మెట్టు దాటేస్తున్నాం. బైబిల్లో మహిమను చూసినవాళ్లు ముందు బలపడలేదు, కూలిపోయారు.

యూదా రాజు ఉజ్జియా చనిపోయిన సంవత్సరంలో, అంటే సుమారు క్రీ.పూ. 740లో, యెషయా మందిరంలో దర్శనం చూశాడు. అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట "అయ్యో". "నేను అపవిత్రమైన పెదవులు గలవాడను" అన్నాడు. ప్రవక్తకు పెదవులే పనిముట్లు. తనలో బాగున్నదని అనుకున్నదే చెడ్డదని అతనికి తెలిసింది. దేవదూత బలిపీఠం నుంచి తెచ్చిన నిప్పు ఆ పెదవులకే తగిలింది. ఆ తర్వాతే "నేనున్నాను నన్ను పంపుము" అనే మాట వచ్చింది. పేతురు సంగతి కూడా అంతే. రాత్రంతా ఏమీ దొరకని వల పిగిలిపోయేంత నిండితే, సంతోషంతో గంతులు వేయకుండా యేసు మోకాళ్ల ముందు పడి "నన్ను విడిచి పొమ్ము" అన్నాడు. యేసు విడిచిపోలేదు. భయపడవద్దని చెప్పి, పని అప్పగించాడు.

ఈ మూడు అడుగులు ఎక్కడ చూసినా కనబడతాయి. పడటం, తాకబడటం, పంపబడటం. మధ్యలో ఉన్న తాకిడి లేకుండా మొదటిదీ చివరిదీ మాత్రమే ఉంటే రెండూ ప్రమాదమే. ఉట్టిగా పడిపోయినవాడు నేరభావంలోనే ఉండిపోతాడు. తాకబడకుండా పంపబడినవాడు తన పేరు కోసం పరిచర్య చేస్తాడు. ఇలాంటి రెండు రకాల మనుషులనూ మనం చూశాం, కొన్నిసార్లు మనమే అట్లా ఉన్నాం.

యెహెజ్కేలు ప్రవక్త చూసిన దర్శనం గురించి కూడా చెప్పాలి. ఉత్తర తెలంగాణ ఇళ్లకు అది చాలా దగ్గరి కథ. అతను యాజక కుటుంబం వాడు. క్రీ.పూ. 597లో చెరపట్టి బబులోను దేశానికి తీసుకుపోయినవాళ్లలో ఒకడు. కెబారు అనే కాలువ పక్కన, పరాయి నేల మీద ఉన్నప్పుడు దేవుని మహిమ అతనికి కనబడింది. ఆ సింహాసనం కింద చక్రాలున్నాయి. అవి నాలుగు దిక్కులకూ తిరగగలవు. ఆ చక్రాల గురించి వింత వింత వివరణలు చాలా విన్నాను. చెరలో ఉన్న మనిషికి వాటి అర్థం తేలికే: మహిమ యెరూషలేములో కట్టేసి లేదు, అది ఇక్కడిదాకా వచ్చింది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన వాళ్లను అడగండి. పన్నెండు గంటల పని చేసి, క్యాంపు గదిలో ఒకరి మంచం మీద ఒకరు ఆనుకొని కూర్చుని, ఫోన్‌లో ఇంటివాళ్లతో కలిసి ప్రార్థన చేసుకునేవాళ్లకు ఈ చక్రాల అర్థం వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది. యెహెజ్కేలు కూడా ముందు సాగిలపడ్డాడు. అప్పుడు వినబడిన మాట: "నరపుత్రుడా, నీవు చక్కగా నిలువబడుము." నిలబడే బలం అతనిది కాదు. ఆత్మ తనలోకి వచ్చి తనను నిలువబెట్టాడని అతనే రాశాడు.

కొండ మీద వెలుగు, కొండ కింద రొట్టె

కొత్త నిబంధనలో మహిమకు చిరునామా ఒక మనిషి. "ఆ వాక్యము శరీరధారియై" మన మధ్య నివసించాడనీ, మనం ఆయన మహిమను చూశామనీ యోహాను రాశాడు. యోహాను సువార్తలో యేసు తన మహిమ గడియ గురించి మాట్లాడిన ప్రతిసారీ ఆయన చూపు సిలువ వైపే ఉంటుంది. "మనుష్యకుమారుడు మహిమ పొందవలసిన గడియ వచ్చియున్నది" అని చెప్పి, వెంటనే భూమిలో పడి చచ్చే గోధుమగింజ గురించి చెప్పాడు. మహిమ అంటే పైకెక్కడం అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు. రోమా ప్రభుత్వం బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే అత్యంత అవమానకరమైన శిక్ష అది. లోకం లెక్కలో అంతకంటే చులకన లేదు. దేవుడు తన పూర్తి బరువును అక్కడ పెట్టాడు.

రూపాంతర కొండ మీద కూడా ఇదే. యేసు ముఖం సూర్యుడిలా ప్రకాశించిందని మనకు గుర్తుంటుంది. మోషే, ఏలీయా ఆయనతో మాట్లాడింది యెరూషలేములో జరగబోయే ఆయన మరణం గురించేనని లూకా రాసిన సంగతి అంతగా గుర్తుండదు. పేతురు అక్కడే పర్ణశాలలు కట్టేద్దామన్నాడు. మంచి ఆరాధన అయిపోతుంటే మనకూ అట్లాగే అనిపిస్తుంది. కానీ వాళ్లు దిగి వచ్చేసరికి కొండ కింద ఒక తండ్రి, దయ్యం పట్టిన కొడుకును పట్టుకొని నిలబడ్డాడు. మహిమ చూసినవాళ్ల మొదటి పని అక్కడ మొదలైంది.

మెదక్ చర్చికి చాలామంది క్రిస్మస్‌కు పోతారు. ఆ గోపురం ఎత్తు చూస్తారు, సూర్యుడి వెలుతురులో రంగురంగుల అద్దాల మీద క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చూస్తారు. ఆ అద్దాల్లో సొంత వెలుగు లేదు. పొద్దుగూకితే లోపలి నుంచి నల్లటి పలకల్లా ఉంటాయి. అయితే నాకు ఆ కట్టడంలో ఇంకో సంగతి ఎక్కువ బరువుగా కనిపిస్తుంది. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ (మెథడిస్టు) మిషనరీ 1914లో పని మొదలుపెట్టించారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆ మధ్య కాలం కరువు కాలం. తిండి లేక అల్లాడుతున్న చుట్టుపక్కల పల్లెల జనానికి ఆ రాళ్ల పని అన్నం పెట్టింది. దేవుని మహిమ కోసం కట్టిన గోడ ఒకరి ఇంట్లో గింజలుగా మారింది. కొండ మీద వెలుగు, కొండ కింద రొట్టె అంటే ఇదే అనిపిస్తుంది నాకు.

తల ఎత్తువాడు

ఇప్పుడు మన నేలకే చెందిన సంగతికి వస్తాను. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

నిజాం పాలనలో తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీ ఎట్లా ఉండేదో మన ముసలివాళ్ల మాటల్లో ఇంకా ఉంది. "నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అనేది పలకరింపు. మాట మాటకు వంగడం, చెప్పులు చేతిలో పట్టుకొని నడవడం, తన బరువు సున్నా అని రోజూ ఒప్పుకోవడం. మాల, మాదిగ కుటుంబాల మీద ఆ చులకన పుట్టుకతో పడేది.

అలాంటి రోజుల్లో, 1909లో, వేదనాయకం శామ్యూల్ అజరయ్య అనే తమిళుడు తిరునెల్వేలి ప్రాంతం నుంచి డోర్నకల్‌కు వచ్చారు. ఇప్పుడు అది మహబూబాబాద్ జిల్లాలో, అప్పుడు నిజాం రాజ్యంలో. ఆయన తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు సంఘ సంప్రదాయంలో, బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన పాటించిన ఒక పద్ధతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరి చేతా తమ చెయ్యి తమ తల మీద పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనే అర్థం వచ్చేలా పలికించేవారు.

ఆ దృశ్యం ఊహించుకోండి. నిన్నటిదాకా ఆ చేతులు ఇంకొకరి కాళ్ల మీద ఉండేవి. ఆ తల వంగే ఉండేది. ఇప్పుడు తన చెయ్యి తన తల మీద ఉంది, తన నోటితో తన గురించి తానే "నేను" అంటున్నాడు, దేవుని మాట మోసే బాధ్యత తన మీద ఉందంటున్నాడు. ఎనిమిదో కీర్తనలో మనిషి గురించి, "మహిమా ప్రభావములతో వానికి కిరీటము ధరింపజేసి యున్నావు" అని ఉంది. ఆ మహిమ కూడా కాబోదే. మూడో కీర్తనలో దావీదు దేవుణ్ణి "నా తల ఎత్తువాడవు" అంటాడు. దానికి ముందున్న మాట తెలుగులో అతిశయాస్పదం అని ఉంది కానీ, హీబ్రూలో అది "నా కాబోద్", నా బరువు. దేవుడే తన బరువు అయినవాణ్ణి ఏ దొర తూచగలడు?

డోర్నకల్‌లోని కథెడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద మందిరం, 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. గుడి స్తంభాల తీరు, మసీదు మినార్ల తీరు కలిపి కట్టిన మందిరం. దాని పేరు ఎపిఫనీ, అంటే ప్రత్యక్షత. క్రీస్తు మహిమ అన్యజనులకు వెల్లడైన రోజును గుర్తుచేసుకునే పండుగ పేరు. వెట్టి చేసే పల్లెల నడుమ ఆ పేరు పెట్టడంలో ఎంత ఆలోచన ఉందో.

ఇట్లా చెప్పి ఊరుకుంటే నిజం మొత్తం చెప్పినట్టు కాదు. సంఘం లోపల కులం పోలేదు. పెళ్లి సంబంధాల దగ్గర, పెద్దరికం దగ్గర, కొన్ని చోట్ల కూర్చునే వరుసల దగ్గర కూడా అది కనబడుతూనే ఉంది. పొద్దున మహిమ పాటలు పాడి, సాయంత్రం కులం అడిగి సంబంధం మాట్లాడుకునే మనం ఎవరిని చులకన చేస్తున్నామో తెలుసుకోవాలి. "నీవు నాకు అనుగ్రహించిన మహిమను నేను వారికి ఇచ్చితిని" అని యేసు ప్రార్థించింది, వాళ్లు ఏకమై ఉండటం కోసం. ఏకం చేయని మహిమ ఆయనిచ్చిందేనా అని నాకు గట్టి అనుమానం.

చూస్తూ చూస్తూ మారడం

మార్పు ఎట్లా జరుగుతుంది? కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 3వ అధ్యాయం 18వ వచనం ఈ విషయంలో కీలకం. ముసుగు లేని ముఖంతో ప్రభువు మహిమను అద్దంలా ప్రతిఫలింపజేస్తూ, మహిమ నుంచి అధిక మహిమకు, ఆయన పోలికగా మార్చబడుతున్నామని పౌలు రాశాడు. ప్రతిఫలింపజేయడం అని మన పాత అనువాదంలో ఉన్న గ్రీకు క్రియకు అద్దంలో చూడటం అనే అర్థం కూడా ఉంది. అందుకే అనువాదాలు వేరు వేరుగా ఉంటాయి. రెండూ విడదీయలేనివని నా అభిప్రాయం. ఎటు తిరిగి ఉన్నామో ఆ వెలుగే మన మీద పడుతుంది. ఆ రోజుల్లో అద్దాలు చాలావరకు గాజువి కావు, తోమి మెరుగుపెట్టిన లోహం పలకలు. కొరింథు కంచు పనికి పేరుపొందిన ఊరు కాబట్టి, చదివేవాళ్లకు ఆ తోముడు సంగతి బాగా తెలుసు.

మార్చబడుచున్నాము అనే క్రియ రూపాంతర కొండ దగ్గర యేసుకు వాడిన క్రియే. మారుతున్నాం అనలేదు, మార్చబడుతున్నాం అన్నాడు. అయిపోయిందనీ అనలేదు, జరుగుతోందన్నాడు. ఒక్క ఆదివారం రాత్రితో ముగిసే పని కాదిది. వాక్యం చదవడం, ప్రభువు బల్ల, కుటుంబ ప్రార్థన, పాట, ఒప్పుకోలు, ఆస్పత్రిలో ఉన్నవాళ్ల దగ్గర కూర్చోవడం, ఆకలిగొన్న మనిషిలో క్రీస్తును గుర్తుపట్టడం. ఇవన్నీ ఆ ముఖం వైపు తిరిగే తీర్లు. మనం దేన్ని ఎక్కువసేపు చూస్తామో దాని పోలికే మనకు వస్తుంది. రోజంతా పక్కవాళ్ల ఇళ్లు, కార్లు, పిల్లల ర్యాంకులు చూసే మనిషి ముఖం కూడా దానికి తగ్గట్టు మారుతుంది, గమనించి చూడండి.

అదే పత్రిక తర్వాతి అధ్యాయంలో పౌలు తన కష్టాల గురించి ఒక మాట అన్నాడు. "క్షణమాత్రముండు మా చులకని శ్రమ" నిత్యమైన "మహిమ భారమును" కలుగజేస్తోంది అని. గ్రీకులో రాస్తున్నా అతని యూదు మనసులో కాబోద్ అనే బరువు ఉన్నట్టే ఉంది. తెలుగు అనువాదకులు చులకన, భారం అనే రెండు మాటలూ పక్కపక్కన పెట్టడం నాకు ఎంతో ఇష్టం. పౌలు చులకన అన్న శ్రమ చిన్నదేమీ కాదు. అయిదుసార్లు ఒకటి తక్కువ నలభై దెబ్బలు, మూడుసార్లు బెత్తాలు, ఒకసారి రాళ్లు, మూడుసార్లు ఓడ పగలడం అని అతనే లెక్క రాశాడు. దెబ్బల నొప్పి తగ్గలేదు. అవతలి పళ్లెంలో ఉన్న బరువు చూసి అతను ఆ మాట అనగలిగాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. పౌలు "మా" శ్రమ అన్నాడు. "మీ" శ్రమ చులకన అని ఎవరితోనూ అనలేదు. పత్తి కొట్టుకుపోయి అప్పు మిగిలిన రైతు ఇంటికి పోయి, బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చుని, "ఇదెంత, మహిమ ముందు" అనడం దుర్మార్గం. తన శ్రమను కాంటా మీద పెట్టే హక్కు దాన్ని మోసినవాళ్లకే ఉంది. మనం చేయగలిగింది పక్కన కూర్చోవడం.

ఆ తమ్ముడికి

ఇక నువ్వు అడిగిన సంగతి, తమ్ముడూ. నీకేమీ తెలియలేదన్నావు. హోరేబు దగ్గర ఏలీయా ముందు బలమైన గాలి వీచింది, భూకంపం వచ్చింది, మెరుపులాంటి అగ్ని వచ్చింది. వాటిలో యెహోవా లేడు. తర్వాత నిమ్మళంగా ఒక స్వరం వినిపించింది. అంతకంటే ముందు, చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్న ఏలీయాకు దేవుడిచ్చింది దర్శనం కాదు, నిద్ర. లేపి రొట్టె పెట్టి నీళ్లిచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. పరీక్షల టెన్షన్‌తో రాత్రులు నిద్ర లేకుండా ఆదివారం మందిరానికి వస్తున్న నీకు, ముందు ఆ రొట్టె, నిద్ర కావాలేమో. అది కూడా ఆయన చేతి నుంచే వస్తుంది. పక్కవాళ్ల కన్నీళ్లు అబద్ధమని నేననను. దేవుడు కొందరిని అట్లా తాకుతాడు. కానీ కన్నీళ్లు కొలత కాదు. సోమవారం పొద్దున ఎవరి మాట నీకు బరువుగా ఉంటుంది, ఎవరి చూపుకు నువ్వు భయపడటం తగ్గింది, ఎవరిని చులకన చేయడం మానేశావు, అక్కడ వెతుకు.

ఇంకో సంగతి. మోషే సీనాయి కొండ దిగి వచ్చినప్పుడు అతని ముఖం ప్రకాశిస్తోంది. చూసినవాళ్లందరికీ తెలిసింది. అతనికి మాత్రం తెలియలేదని నిర్గమకాండము 34వ అధ్యాయం రాసింది.

మా అవ్వకు చదువు రాదు. మూడో కీర్తన ఎవరో చదువుతుంటే విని విని నోటికి తెచ్చుకుంది. దర్శనం చూశానని ఎన్నడూ చెప్పలేదు. సాక్ష్యం చెప్పమంటే సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మార్కెట్‌లో ఒకసారి ఒక గుమస్తా, ఆమె మనుమడి వయసువాడు, "ఏయ్ ముసల్దానా, ఇటు రా" అని కేకేశాడు. ఆమె చేతిలోని తాలు కింద పెట్టి, మెల్లగా లేచి నిలబడి, "నాకు పేరున్నది బిడ్డా, పేరు పెట్టి పిలువు" అన్నది. కోపం లేదు, గొంతు కూడా పెరగలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆ పిల్లగాడు ఏమీ మాట్లాడలేకపోయాడు. తర్వాత పేరు అడిగి, పేరు పెట్టే పిలిచాడు.

చాలా ఏళ్లకు, ఆమె మంచం పట్టినప్పుడు, ఆ రోజు గుర్తుచేసి అడిగాను. అవ్వా, నీకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది అని. ఆమెకు ఆ సంగతే గుర్తులేదు. కాసేపు ఆలోచించి అన్నది:

"నాకేం ధైర్యం బిడ్డా. రోజూ భయంతోటే పోయేదాన్ని. గందుకే గదా, పొద్దుగాల్ల ప్రార్థన చేసుకోకుండ ఇంట్లకెల్లి బయట అడుగు పెట్టకపోయేది."